దొంగ ఊపిరి

మొదటిసారి ఆ గొంతు విన్నప్పుడు నేనడిగింది ఒక్కటే. "ఈ పిల్ల ఊపిరెక్కడ తీసుకుంటోందే?"

కజుయె కాఫీ కొట్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉన్నాం, నేనూ నా మనవరాలు నత్సుహొ. జూన్ నెల, బయట ముసురు. పొద్దున్న తొమ్మిదిన్నర. అంటే పద్నాలుగేళ్ళ పిల్లలంతా బళ్ళో ఉండవలసిన వేళ. మా ఇచినోమియాలో పొద్దుటిపూట ఒక కాఫీ చెబితే కాల్చిన రొట్టె, ఉడికిన గుడ్డు వాటంతటవే వస్తాయి కాబట్టి, ఊళ్ళో ముసలివాళ్ళం సగంమందిమి అక్కడే తేలతాం. మా మధ్యన ఈ పిల్ల ఒళ్ళో కంప్యూటరు పెట్టుకుని, చెవుల్లో బిరడాల్లాంటివి దూర్చుకుని కూర్చునేది. ఆ రోజు ఏమనిపించిందో, ఒక బిరడా తీసి నా చెవిలో పెట్టింది.

"తీసుకోదు నానమ్మా. మినామోకి ఊపిరక్కర్లేదు."

"ఊపిరక్కర్లేని పిల్లేమిటే? చేపా?"

"చేపలు కూడా తీసుకుంటాయి. ఇది మనిషి కాదు, ఒట్టి గొంతు. నేను అక్షరాలు కొడితే అది పాడుతుంది."

కజుయె గుడ్లు పెడుతూ వంగి, తనూ ఒక చెవి ఆనించింది. "అబ్బ! పింగాణీ పళ్ళెం మీద గరిట గీకినట్టుంది. మా ఆయన బతికున్నప్పుడు నేను ఇంత వేగంగా తిట్టగలిగితే ఇంకో రెండేళ్ళు ముందే పోయేవాడు."

నత్సుహొ నవ్వింది. ఆ నవ్వు విని నెలన్నర అయింది. అందుకే ఆ పాట నాకు అర్థం కాకపోయినా ఇంకోసారి పెట్టమన్నాను.

వొకలాయిడ్ అంటారట ఇలాంటి గొంతుల్ని. మోకాళ్ళ దాకా నీలం జుట్టున్న బొమ్మపిల్ల ఒకతె తెర మీద నిలబడి ఉంటుంది, ఆమె మినామో. పాటలు కట్టేది మాత్రం ఎక్కడెక్కడి పిల్లలో. వాళ్ళ పేర్ల చివర "పీ" అని తగిలించుకుంటారు, ప్రొడ్యూసర్ అనేదానికి పొట్టిమాటట. మా పిల్ల పేరు రంపం పీ. ఎందుకే అంటే, కిటికీలోంచి ఎదురుగా ఉన్న పాత మిల్లు కప్పు చూపించింది. రంపం పళ్ళలాగా వరసగా లేచి ఉండే ఆ కప్పు కింద నేను పదిహేనో ఏట నుంచి ఇరవై మూడేళ్ళు నూలు వడికాను. ఇప్పుడు అందులో ఎవరో పాత కార్లు పెట్టుకుంటున్నారు.

తెర మీద మెట్లు మెట్లుగా చిన్న ముక్కలుండేవి, ఒక్కో ముక్కకీ ఒక్కో అక్షరం. ఒకదాని చివర వేలితో ఇంత పైకి లాగేది, ఇంకోదాని మొదలు ఇంత కిందికి దించేది. మళ్ళీ వినేది. మళ్ళీ లాగేది. ఒక్క మాట కోసం గంట. నాకది కొత్త పనిలా కనబడలేదు. తెగిన పోగు కొసలు రెండూ పట్టుకుని, అతుకు తెలియకుండా వేళ్ళతో నలపడం నాకు తెలుసు.

"మనుషుల పాటలు ఇన్ని ఉన్నాయి కదే, ఈ గరిట గోలెందుకు?" అనడిగాను ఒకసారి.

తెర మీంచి వేలు తీసి చెప్పింది. "మనిషి పాడితే అది ఆ మనిషి బాధలాగుంటుంది నానమ్మా. పాపం అనిపిస్తుంది. మినామో పాడితే నాదే అనిపిస్తుంది. మధ్యలో ఎవరూ అడ్డం ఉండరు. మా క్లాసులో అందరూ అందుకే వింటారు."

మా క్లాసు అని నోరు జారింది. జారగానే గుడ్డు పెంకు ఒలవడంలో పడిపోయింది.

బడి మానేయడానికి పెద్ద కారణమేమీ లేదు. ఉంటే మా అబ్బాయీ కోడలూ వెళ్ళి పోట్లాడి వచ్చేవాళ్ళు. ఏప్రిల్లో రెండో ఏడాది క్లాసు మొదలైన కొత్తలో, హాజరు పిలుస్తుంటే, పదిహేడో నంబరు తనహాషి నత్సుహొ అన్న పిలుపుకి ఈ పిల్లకి గొంతు రాలేదట. ఉన్నానండీ అనే ఒక్క మాట. అయ్యవారు ఆగారు. క్లాసంతా ఆగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, పద్దెనిమిదో నంబరుకి వెళ్ళిపోయారు. మర్నాడూ గొంతు రాలేదు. ఆ మర్నాడు పిలవకముందు నుంచే కడుపులో నొప్పి. మే నెల సెలవులయ్యాక గుమ్మం దాకా వచ్చి, బూట్లు తొడుక్కుని, అక్కడే కూర్చుండిపోయింది. నేనే బూట్లు విప్పి, పద, కాఫీ కొట్టుకెళ్దాం అన్నాను. కోడలు నన్ను ఒక చూపు చూసింది. చూస్తే చూసింది. చీకటి గదిలో కూర్చోవడం కన్నా ముసలివాళ్ళ మధ్య కూర్చోవడం నయం.

జులైలో ఒక పాట పూర్తి చేసి బయట పెట్టింది. దాని పేరు లోపలి బూట్లు. బడి గుమ్మంలో పిల్లలు బయటి బూట్లు విప్పి అరలో పెట్టి, తెల్ల గుడ్డ బూట్లు తొడుక్కుంటారు కదా, అవి. పాటలో రెండు పంక్తులే నాకు పట్టుబడ్డాయి.

నా పేరున్న అరలో నా లోపలి బూట్లు
నేను లేకుండానే బడికెళ్ళి కూర్చున్నాయి

ఆ తరవాతంతా జోరువాన. ముఖ్యంగా చివర్లో ఒక పొడుగు చరణం, ఎక్కడా తెగకుండా ఒక్క బిగిని పోతుంది. వింటుంటే నాకే గుండె పట్టేసినట్టయ్యేది. ఆగస్టు చివరికి ముప్పైవేలమంది విన్నారట. ముప్పైవేలంటే మిల్లులో మేమున్నప్పుడు ఊరు మొత్తం ఆడపిల్లలం అంతమంది ఉంటామేమో. "ఎవరికైనా చెప్పనా?" అంటే, "చెప్తే చచ్చిపోతా," అంది. చెప్పలేదు. కజుయెకి తప్ప.

సెప్టెంబరులో ఒక సాయంత్రం రింకో వచ్చింది. ముకాయ్ వాళ్ళమ్మాయి, మా వీధి చివరే ఇల్లు, నత్సుహొ క్లాసే. బడికి రాని పిల్లల కాగితాలు దగ్గరింటి పిల్లలు తెచ్చివ్వడం మామూలు. మే నుంచి రోజూ తెచ్చి తపాలా డబ్బాలో వేసి పారిపోయేది. ఆ వేళ నేను గుమ్మం ముందు మొక్కలకి నీళ్ళు పోస్తూ దొరికించుకున్నాను.

"రోజూ దొంగలా వచ్చిపోతావేమే? లోపలికి రా. పెరిగిన సొరకాయలా ఎంత ఎత్తయ్యావు!"

"వద్దులెండి మామ్మగారూ, రిహార్సల్ నుంచి వస్తున్నా, గొంతు పోయింది." నిజంగానే బొంగురుగా ఉంది. "అక్టోబరులో క్లాసుల పాటల పోటీ ఉంది కదండీ. మేం ఒక పాట ఎంచుకున్నాం. లోపలి బూట్లని, వొకలాయిడ్ పాట. మీకు తెలీదులెండి."

నా చేతిలో చెంబు ఒలికి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. వెనక మెట్ల మీద చప్పుడు ఆగిపోయింది. అంటే ఆ పిల్ల మెట్ల మీదే ఉంది, వింటోంది.

"తెలీకేం," అన్నాను. "బాగుంటుందా?"

"అబ్బో! ఓట్లు పెడితే ఇరవై ఆరొచ్చాయి దానికి. కానీ మామ్మగారూ, పాడలేకపోతున్నాం. చివరి పొడుగు చరణం ఉంది చూడండి, సగానికే అందరం ఢామ్మని ఆగిపోతున్నాం. మగపిల్లలైతే టమాటాల్లా అయిపోతున్నారు. ఆ రంపం పీ ఎవడో గానీ బుర్ర లేనోడు, మనుషులకి ఊపిరుంటుందని మర్చిపోయాడు."

మెట్ల మీద చిన్న కిర్రుమన్న చప్పుడు.

"పాట కింద రాశామండీ, మేం ముప్పై ఒక్కమందిమి, మేం పాడటానికి వీలుగా రాసిమ్మని. జవాబు లేదు. వచ్చే శుక్రవారానికి రాకపోతే వేరే పాట చూసుకోమన్నారు సార్." కాగితాలు నా చేతిలో పెట్టి, పోబోతూ ఆగింది. మా ఇంటి పై కిటికీ వైపు చూసింది. "నత్సుహొ బాగుందా?" అని, నేను నోరు తెరిచేలోపు పరుగు తీసింది.

లోపలికెళ్తే మెట్ల మీద మోకాళ్ళు కావలించుకుని కూర్చుని ఉంది. ముఖం ఎర్రగా ఉంది. సంతోషమో, కోపమో, భయమో, మూడూనో.

"బుర్ర లేనోడా నేను?"

"ఊపిరి సంగతి నేను జూన్‌లోనే అడిగాను," అన్నాను.

"ఇవ్వను. అది మినామో పాట. వాళ్ళు పాడితే పాడైపోతుంది. ఆ చరణం ఆగకూడదు నానమ్మా. ఆగితే అందరూ చూస్తారు. హాజరప్పుడు చూసినట్టు." మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. "ఆగకూడదనే అట్లా రాశా."

నేను ఆమె కింద మెట్టు మీద కూర్చున్నాను. మోకాళ్ళు పట్టేశాయి, అయినా కూర్చున్నాను. మిల్లు సంగతి చెప్పాను. ఇంతకుముందు వందసార్లు చెప్పి ఉంటాను గానీ, ఇది చెప్పలేదు.

గోతో దీవుల నుంచి పదకొండుమంది ఆడపిల్లలం ఒకే ఓడలో, ఒకే రైల్లో వచ్చాం, బడి చదువు అయిన మూడోవారం. వచ్చిన మొదటి నెల నాకు రోజూ ఒకే వేళకి ఏడుపొచ్చేది. పది గంటల ప్రాంతంలో, మా దీవిలో పడవ వచ్చే వేళ. మిల్లులో మరలు ఆగవు. పోగు తెగితే ఆ క్షణంలో అతకాలి, లేకపోతే మేస్త్రీ వస్తాడు. నా పక్క వరసలో ఫుసానో ఉండేది. మా ఊరిదే. ఒక్క మాట అనేది కాదు. పది గంటలవుతుండగా నాకేసి గడ్డం ఒకసారి ఎగరేసేది, అంతే. నేను మరుగుదొడ్డికి పోయి ఏడ్చుకునేదాన్ని. ఆ పది నిమిషాలూ తన వరసా నా వరసా ఒంటిచేత్తో పరుగెత్తి చూసుకునేది. మధ్యాహ్నం తనకి నడుం పట్టేస్తే నేను గడ్డం ఎగరేసేదాన్ని. రెండేళ్ళు. మేస్త్రీకి ఏనాడూ తెలియలేదు. మరలు ఒక్కసారీ ఆగలేదు.

"పాటలో కూడా అంతే," అన్నాను. "మిల్లులో మాకు పాటల బృందం ఉండేది. ఒగురా అక్క అని ఆఫీసులో పనిచేసే ఆవిడ నేర్పేది. పొడుగు పాట వచ్చినప్పుడు ఒక్కటే చెప్పేది. పక్కదాని భుజం లేచినప్పుడు నీ భుజం లేవకూడదు. అది ఊపిరి తీసుకుంటుంటే నువ్వు పాడాలి, నువ్వు తీసుకుంటుంటే అది పాడాలి. వినేవాళ్ళకి ఎక్కడా తెగదు. దొంగ ఊపిరి అనేవాళ్ళం."

నత్సుహొ వేళ్ళు మడుస్తూ ఏదో లెక్కపెట్టింది. తరవాత, "ముప్పై ఒక్కమంది ఉంటే," అంది మెల్లగా, తనలో తను, "ఆ చరణం ఎంత పొడుగైనా రాయొచ్చు."

మర్నాడు కజుయె కొట్టు కొట్టులా లేదు. నత్సుహొకి ఒక లెక్క కావలసి వచ్చింది. మామూలు మనిషి ఊపిరి తీసుకోకుండా ఆ అని ఎంతసేపు అనగలడు? చేతిలో గడియారం పట్టుకుని నన్ను మొదలుపెట్టమంది. నేను పదకొండు సెకన్లు. కజుయె పంతొమ్మిది.

"ముప్పై ఏళ్ళు వాగుడుకాయ మొగుడితో కాపురం చేశానమ్మా, ఊపిరి ఆపడం నాకు నేర్పాలా?" అంది గర్వంగా.

మంగలి ఇనాగాకి తాత పేపరు కింద పడేసి, "తప్పుకోండి, నేను సైన్యంలో ఉన్నప్పుడు బాకా ఊదినవాణ్ణి," అని లేచాడు. ఆయన ఎప్పుడూ ఏ సైన్యంలోనూ లేడు. ఆరో సెకనుకి దగ్గు తెర వచ్చి, పళ్ళసెట్టు చేతిలోకి ఊడిపడింది. నత్సుహొ బల్ల మీద తల వాల్చి నవ్వింది, కన్నీళ్ళు వచ్చేదాకా. తరవాత ఆ ఆరూ శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది.

నాలుగు రోజులు అదే పని. పాటని నాలుగు గొంతులకి విడదీసింది. పొడుగు చరణం మాత్రం విడిగా రాసింది. గీతల కాగితం మీద స్వరాలు, స్వరాల పైన చిన్న చిన్న పిట్టరెక్క గుర్తులు, ఒక్కో గుర్తు పక్కన ఒక అంకె. ఆ అంకె ఉన్నవాడు అక్కడ ఊపిరి తీసుకోవాలి. వారం లోపల, గురువారం మధ్యాహ్నం, రింకో వాళ్ళు రాసిన చోటే జవాబుగా పంపేసింది. మీట నొక్కాక చేతులు చల్లబడిపోయాయి. నేను నా కాఫీ కప్పు ఆ చేతుల్లో పెట్టాను.

"ఎవరికీ తెలీదుగా?"

"ఎట్లా తెలుస్తుంది నానమ్మా? రంపం పీ అంటే ఎక్కడో ఎవరో."

తెలిసింది.

సోమవారం సాయంత్రం రింకో వచ్చింది. ఈసారి తపాలా డబ్బా దగ్గర ఆగలేదు. గుమ్మంలో నిలబడి రొప్పుతోంది, చేతిలో ఆ గీతల కాగితం నలిగి ఉంది.

"మామ్మగారూ, నత్సుహొ ఉందా? పిలవొద్దులెండి. ఇక్కడి నుంచే చెప్తా." గొంతు పెంచింది, మెట్లకేసి. "మేం ముప్పై ఒక్కమందిమి అని మాత్రమే రాశాం. ఇందులో అంకెలు ఒకటి నుంచి ముప్పై రెండు దాకా ఉన్నాయి. పదిహేడు లేదు."

రింకో నలిగిన కాగితం విప్పి పట్టుకుంది.

"మొదట మేం తప్పు పడిందనుకున్నాం. తరవాత మొరిషిత చూశాడు. వాడు ఇరవై ఎనిమిది. వాడికి ఆయాసం కదా, వాడికి మాత్రం మూడుచోట్ల రాసుంది, మిగతావాళ్ళకి రెండేసే. నాలుగో నంబరు ఇవాతకి ఒక్కటే రాసుంది. ఇవాత ఈత పోటీల్లో జిల్లాకి వెళ్ళింది. ఒక్కసారి ఊపిరి తీసుకుంటే చరణమంతా పాడేయగలదని ఎక్కడో ఉన్న రంపం పీకి ఎట్లా తెలుసు? హాజరు నంబర్లు ఎట్లా తెలుసు? అందరం గప్‌చుప్ అయిపోయాం. ఎవరూ ఎవరి ముఖాలూ చూసుకోలేదు."

నేను గోడకి ఆనుకున్నాను.

"నత్సుహొ," అంది రింకో, ఈసారి గొంతు బాగా తగ్గింది. "ఆ రోజు నవ్వింది నేనే. నీ మీద కాదు. అంత నిశ్శబ్దం అయ్యేసరికి నాకు భయమేసి నవ్వొచ్చింది. చెప్దామనే రోజూ వస్తున్నా. డబ్బా చూడగానే ధైర్యం పోతోంది. డెబ్బైసార్లేమో వచ్చా. ఇది ఇక్కడ పెడుతున్నా."

కాగితం చెప్పుల అర మీద పెట్టి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నా బంతి మొక్క కుండీ తన్నేసింది. రోజూ వచ్చే పిల్లే, ఏనాడూ తన్నలేదు.

నత్సుహొ దిగివచ్చింది, చివరి మెట్టు మీద నిలబడింది. నేనడిగాను. "పదిహేడు కావాలనే వదిలేశావా?"

తల అడ్డంగా ఊపింది. "వదిలేశానని కూడా తెలీదు. లేనిదానికి ఊపిరెందుకు అనుకున్నా."

ఇంత వయసొచ్చింది, ఇన్ని మాటలు విన్నాను. ఆ మాట విన్నాక మాత్రం వంటగదిలోకి పోయి కాసేపు కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

తిరిగి వచ్చేసరికి కాగితం చేతిలో పట్టుకుని ఉంది. పొడుగు చరణం మీద, తను రాసిన అంకెల మధ్యన, పెన్సిలుతో ఎవరెవరివో చేతిరాతలు. "ఇక్కడ 6 బదులు 9 తీసుకుంటాడు." "మొరిషితకి ఇంకోటి, వాడే అడిగాడు." అన్నిటికీ పైన, చరణం మొదటినుంచి చివరిదాకా ఒక పొడుగు గీత, దాని మీద రింకో గుండ్రటి రాత.

"17: ఎక్కడ కావాలంటే అక్కడ. మేం చూసుకుంటాం."

మళ్ళీ బడికి వెళ్తావా అని నేనడగలేదు. మా అబ్బాయి అడగబోతే బల్ల కింద కాలు తొక్కాను. మూడు వారాలు ఆ కాగితం ఫ్రిజ్ తలుపు మీదే ఉంది, కూరగాయల కొట్టు క్యాలెండరు పక్కన. పాలు తీయడానికి వచ్చినప్పుడల్లా దాన్ని చూసి పోయేది. రోజూ కాఫీ కొట్టుకే వచ్చింది. పోటీ ముందురోజు కూడా. ఆ రోజు మాత్రం రొట్టె ముట్టలేదు.

పోటీ రోజు పొద్దున్న నేను నా గోధుమరంగు కోటు వేసుకుని, తలుపు దగ్గర నిలబడి, "నేను ఆ పాట వినడానికి పోతున్నాను. నువ్వు రానక్కర్లేదు," అన్నాను. నిజంగానే అన్నాను. కజుయె కొట్టు మూసి మరీ నాతో వచ్చింది. ఇనాగాకి తాత, తన ఆరు సెకన్లు కూడా అందులో ఉన్నాయి కాబట్టి తనకీ హక్కుందని, బో టై కట్టుకుని వచ్చాడు.

వ్యాయామశాలలో మడత కుర్చీలు. అందరం బయటి బూట్లు విప్పి, ఇంటి నుంచి తెచ్చుకున్న చెప్పులు తొడుక్కుని కూర్చున్నాం. రెండో ఏడాది మూడో సెక్షను వంతు వచ్చింది. వరసగా మెట్లెక్కారు, మూడు వరసలు. రింకో మధ్యలో ఉంది. రెండో వరస చివర ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలేసి నిలబడ్డారు. చూసేవాళ్ళకి అది వంకరగా కనబడుతుంది. నా పక్కనున్న ఎవరి తల్లో, "సరిగ్గా నిలబడను కూడా రాదేమిటి," అని గొణిగింది. కజుయె ఆమెకేసి చూసిన చూపుకి ఆమె కుర్చీ జరుపుకుంది.

పియానో పిల్ల చేతులెత్తింది. అప్పుడు పక్క తలుపు తెరుచుకుంది.

నత్సుహొ వచ్చింది. బడి దుస్తులు ఇస్త్రీ లేకుండా ఉన్నాయి. నడక వింతగా ఉంది, కుంటుతున్నట్టు. చూస్తే, లోపలి బూట్లు మడమల దగ్గర నలగ్గొట్టుకుని, చెప్పుల్లా ఈడ్చుకుంటూ వస్తోంది. మామూలప్పుడైతే అయ్యవార్లు ఊరుకోరు. ఏప్రిల్ నుంచి అరలో అట్లాగే ఉండిపోయిన బూట్లు. ఈలోపల కాళ్ళు పెరిగిపోయాయి. నాకు తట్టనేలేదు. టప్ టప్ టప్ మని ఆ నిశ్శబ్దంలో వేదిక దాకా నడిచింది. ఎవరూ నవ్వలేదు. రెండో వరసలో పిల్లలు జరగలేదు, జరగక్కర్లేదు కదా, ఖాళీ అక్కడే ఉంది. వెళ్ళి అందులో నిలబడింది. రింకో వెనక్కి తిరిగి చూడలేదు, గడ్డం మాత్రం ఒకసారి ఇంత ఎగరేసింది. ఆ పిల్లకి అది ఎవరు నేర్పారో నాకు తెలియదు. నేనైతే ఎవరికీ చెప్పలేదు.

పాట మొదలైంది. మనుషుల గొంతులో ఆ పాట వేరేగా ఉంది. నీళ్ళలో ఉన్న రాయిని పైకి తీసి చేతిలో పెట్టినట్టు, అంత మెరుపు లేదు, బరువుంది. మగపిల్లలు రెండుచోట్ల శ్రుతి తప్పారు. నత్సుహొ నోరు మూసుకునే ఉంది. బూట్లు బడికెళ్ళి కూర్చున్న మాట వచ్చినప్పుడూ మూసుకునే ఉంది.

పొడుగు చరణం వచ్చింది. నేను పాట వినడం మానేసి భుజాలు చూశాను. అక్కడ ఒక భుజం లేచింది, దిగింది. ఇటు చివర ఇంకొకటి. వెనక వరసలో రెండు. ఒకదానితో ఒకటి కలవకుండా, వరి చేలో గాలి ఒక్కో మొక్కనే ముట్టుకుంటూ పోయినట్టు. ఇవాత అనే ఆ ఈతపిల్ల కాబోలు, రాయిలా కదలకుండా నిలబడి పాడుతోంది. చరణం ఎక్కడా తెగలేదు. నా పక్కనున్న తల్లి నోరు తెరుచుకుని ఉంది. సగం దాటాక, రెండో వరస చివర, నా పిల్ల భుజాలు రెండూ పైకి లేచాయి. అంత పెద్ద ఊపిరి. అందరికీ కనబడేంత. తరవాత పెదవులు కదిలాయి.

పాడిందో, ఒట్టినే కదిపిందో తెలియదు. అంతమంది గొంతుల్లో వినబడలేదు. నేనడగలేదు, తను చెప్పలేదు.

వాళ్ళకి మూడో స్థానం వచ్చింది. ఇనాగాకి తాత న్యాయం జరగలేదని వారంరోజులు మంగలి కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు.

మర్నాడు ఆదివారం. మామూలుగా కొట్టుకి బయలుదేరబోతుంటే, నత్సుహొ గుమ్మంలో కూర్చుని నలిగిన ఆ బూట్లని తిప్పి తిప్పి చూస్తోంది.

"నానమ్మా, ఇవాళ కాఫీ తరవాత బూట్ల కొట్టుకెళ్దామా?"

"ఎంత కొలతే?"

"ఇరవై నాలుగు సెంటీమీటర్లు." నలిగిన బూటు పక్కన పాదం పెట్టి చూసుకుంది. "ఇరవై నాలుగున్నర తీసుకుందాం. ఇంకా పెరుగుతాయేమో."